పేకముక్కల్లో వెయ్యిన్నొక్క రాత్రులు

పేక అనగానే విద్యార్థి మిత్రులకు ముందు గుర్తొచ్చేది రమ్మీ. ఆ వెంటనే గుర్తొచ్చేది హాస్టల్ వార్డెన్. మనమెరిగిన పేకలో 52 ముక్కలు, అందరికీ ఒకే కట్ట. అందులో రాజు ఏ దేశాన్ని ఏలాడో, రాణి అతనికేమవుతుందో మనం ఎప్పుడూ అడగం. అడగకపోయినా ఆటకు వచ్చిన లోటేమీ లేదు. మరి ముక్క మీద బొమ్మే కాకుండా, ఆ ముక్కకున్న నియమమే ఒక కథ చెప్పగలదా? చెప్పగలదని నిరూపించిన ఒక చిన్న కార్డుల సంపుటిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. దాని పేరు ‘అరేబియన్ నైట్స్’.

ఆట పూర్వాపరాలు

1993 ఆగస్టులో అమెరికాలో ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే ఆట వెలువడింది. దీని రూపకర్త రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రజ్ఞుడు. అదే సంవత్సరం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందినవాడు. ప్రచురించిన సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్.

ఆట స్వరూపం క్లుప్తంగా ఇది. ఇద్దరు మాంత్రికుల మధ్య పోరు. ఒక్కొక్కరికి 20 ప్రాణాంకాలు. ‘భూమి’ కార్డులు శక్తినిస్తాయి. ఆ శక్తి ఖర్చుపెట్టి జీవులను, మంత్రాలను రంగంలోకి దింపి, ఎదుటివాడి ప్రాణాంకాలను సున్నాకి తేవాలి. విశేషమేమంటే ఎవరి కట్ట వారిదే. కొన్న పొట్లాల్లో దొరికిన కార్డుల్లోంచి ఏరి కూర్చుకోవాలి. కాబట్టి కొత్త కార్డులు బజారులోకి వస్తే పాత ఆటే కొత్తదైపోతుంది. అలా వచ్చిన మొట్టమొదటి విస్తరణ సంపుటి 1993 డిసెంబరు నాటి ‘అరేబియన్ నైట్స్’. మొత్తం 78 రకాల కార్డులు, పొట్లానికి ఎనిమిది చొప్పున.

నియమమే కథ

ఈ కథలు మనకు కొత్తేమీ కావు. ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ (1957), ‘ఆలీబాబా 40 దొంగలు’ (1970) సినిమాల ద్వారా మన ఊళ్లలో చదువురాని వారికి కూడా పరిచయమైనవే. అయితే సినిమాకి రెండున్నర గంటలు, కార్డుకి నాలుగు వాక్యాలు! ఆ ఇరుకు చోటులో గార్ఫీల్డ్ ఏం చేశాడో చూడండి.

కథలో ఆలీబాబా మంత్రం చెబితే గుహ ద్వారం తెరుచుకుంటుంది. ఆటలో ‘గోడ’ అనే జాతి కార్డులున్నాయి. అవి దాడికి అడ్డు నిలుస్తాయి. ఆలీబాబా కార్డు కొద్దిపాటి శక్తితో ఏ గోడనైనా ఆ పూటకు పనికిరాకుండా చేస్తుంది. గోడ కూలదు, దారి ఇస్తుంది. అంతే కదా కథ!

సింద్‌బాద్ ఓడ ప్రయాణాల సంగతి తెలిసిందే. అతని కార్డును వాడితే కట్టలోంచి ఒక కార్డు తీసి అందరికీ చూపాలి. అది ‘భూమి’ అయితే మీ చేతిలో ఉంచుకోవచ్చు, కాకపోతే పారెయ్యాలి. నావికుడికి నేల దొరికితే దక్కినట్టు, లేకపోతే సముద్రం పాలు.

జుజామ్ అనే జిన్ను ఉంది. దాని బలం ఐదు, ఓర్పు ఐదు. పెట్టిన ఖర్చుకి ఇంతటి జీవి దొరకడం చవక బేరమే. కానీ వంతు వచ్చినప్పుడల్లా అది తన యజమాని నుంచే ఒక ప్రాణాంకం తీసుకుంటుంది. జిన్నును కొలువులో పెట్టుకుంటే ఊరికే ఉండదన్న మాట. ఇలాంటి జిన్నులన్నిటినీ లొంగదీయగల సులేమాన్ రాజు కూడా ఈ సంపుటిలోనే ఒక కార్డు.

అన్నిటికన్నా చిత్రమైనది షెహ్రజాద్ కార్డు. ఉరి తప్పించుకోవడానికి ఆమె రాజుకు కథలో కథ అల్లి చెప్పింది కదా. ఈ కార్డు వేస్తే ఆడుతున్న ఆట ఆపి, మిగిలిన కట్టలతో ఆటలో ఇంకో ఆట ఆడాలి. అందులో ఓడినవాడు అసలు ఆటలో సగం ప్రాణాంకాలు పోగొట్టుకుంటాడు. పోటీల్లో ఇది కాలాన్ని మింగేస్తోందని 2007లో నిషేధించారు. రాజుగారికి వెయ్యి రాత్రుల ఓపిక ఉంది గాని, పోటీ గడియారానికి ఎక్కడిది?

వెనకవైపు రంగు

సంపుటి అచ్చుకు సిద్ధమవుతుండగా ఒక పెద్ద తర్జనభర్జన జరిగింది. ఈ కార్డుల వెనకవైపు వేరే రంగులో ఉండాలని మొదటి ఆలోచన. వేరే రంగైతే కట్టలో ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. కలిపి ఆడటం కుదరదు. ప్రతి కొత్త సంపుటితో ఆట ముక్కలైపోయేది. చివరి నిమిషంలో ఆ ఆలోచన మానుకుని, వెనకవైపు పాత రంగే ఉంచి, ముందువైపు వంపుకత్తి గుర్తు ఒకటి చిన్నగా వేశారు. ఈ హడావిడిలో, తీసెయ్యవలసిన మామూలు ‘పర్వతం’ కార్డు ఒకటి పొరపాటున అందులోనే ఉండిపోయింది.

గుర్తు కోసం వేసిన ఆ వంపుకత్తి ఆటలో భాగమైంది కూడా. ‘సీసాలో నగరం’ అనే కార్డు పడితే, ఆ సంపుటికి చెందిన కార్డులన్నీ రంగం విడిచి పోవలసిందే. ఒక ప్రపంచం మొత్తాన్ని సీసాలో పెట్టి బిరడా వేసినట్టు!

లోపం ఎక్కడ?

పొగడ్త ఒక్కటే అయితే ఇది అధ్యయనం కాదు. ఈ సంపుటిలో ‘జిహాద్’ అని ఒక కార్డు ఉంది. కోట్లాది మంది విశ్వాసంలో లోతైన అర్థమున్న మాట అది. కార్డులో దానికి మిగిలిన అర్థమల్లా తెల్లరంగు జీవులకు కాస్త అదనపు బలం! 2020 జూన్‌లో ప్రచురణ సంస్థ జాతి, సంస్కృతుల పట్ల అభ్యంతరకరమైనవని ఏడు పాత కార్డులను పోటీల నుంచి నిషేధించి, తమ జాబితాలోంచి వాటి బొమ్మలు తొలగించింది. అందులో రెండు ఈ సంపుటివే. ‘జిహాద్’ వాటిలో ఒకటి.

ఇక్కడే మనం నేర్చుకోవలసింది ఉంది. ఆలీబాబా కార్డు చేసినవాడు కథ చదివి, దాని ప్రాణం పట్టుకుని, నియమంగా మలిచాడు. ‘జిహాద్’ కార్డులో పేరు మాత్రమే అరువు వచ్చింది. నియమానికి ఆ మాట ఏమిటో తెలియదు. ఇద్దరూ వేరు కారు, ఒకే మనిషి, ఒకే సంపుటి. ఎంత ప్రతిభావంతుడైనా చదవడం ఆపిన చోట తప్పు చేస్తాడన్న మాట.

తర్వాతి సంపుటులు చాలావరకు సొంత ప్రపంచాలను కల్పించుకున్నాయి. 2016లో వచ్చిన ‘కలదేశ్’ భారతీయ అలంకరణ రీతుల నుంచి ప్రేరణ పొందిన ఊహాలోకం. రేపు మన విద్యార్థుల్లో ఎవరైనా మన కథలతో ఇటువంటి ఆట తయారు చేయవచ్చు, చేయాలి కూడా. అప్పుడు బొమ్మ ఎంత బాగుందని కాదు, పేరు చెరిపేసినా ఆ నియమాన్ని బట్టి కథ గుర్తుపట్టగలమా అని వేసుకోవలసిన ప్రశ్న. గుర్తుపట్టగలిగితే ఆ కథను మనం చదివినట్టు. లేకపోతే పేరు వాడుకున్నట్టు.