స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు నియమాలెందుకు?

కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న మన చోడవరం హాస్టల్ తమ్ముళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మూలకోడును ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. అయితే మార్పులు పంపే పద్ధతి రాసిపెట్టకపోతే అది తెలిసినవాళ్ళ వ్యవహారంగానే మిగిలిపోతుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన మాలాంటివాళ్ళకు అడగడానికి ఎవరుంటారు? రాసిన నియమాలు మనకే ఎక్కువ అవసరం.

2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తన కోడు లినక్స్‌లో కలిసిందంటూ ఐబీఎంపై దావా వేసింది. 2004లో లినస్ టోర్వాల్డ్స్ ఒక నియమం తెచ్చారు. మార్పు పంపేవారు దాన్ని ఇచ్చే హక్కు తమకుందని ఒప్పుకుంటూ కింద పేరు రాయాలి. మెస్ స్టాకు రిజిస్టరులో సరుకు దించుకున్నవారు సంతకం పెట్టినట్టే. (ఆ దావా 2021 దాకా సాగింది!)

ఇక తెలుగు. గ్నోమ్ డెస్క్‌టాప్‌ను మనవాళ్ళు తెలుగులోకి తెచ్చారు. ఇలాంటి పనిలో ఒకరు ‘దస్త్రం’ అని, మరొకరు ‘ఫైలు’ అని రాస్తే వాడేవారు రెండూ వేరనుకుంటారు. అందుకే ముందు పదాల పట్టిక ఒప్పుకోవాలి. వాక్యం మధ్యలో శాతం గుర్తు, పక్కనే ఎస్ అక్షరం కనబడితే తీసేయకూడదు. కంప్యూటర్ అక్కడ ఏదో పేరు పెడుతుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కదా, అలాంటి గుర్తులు రెండుంటే వరుస తప్పి అర్థం తారుమారవుతుంది. మొదట మేమూ ఇవి చదివాకే ఫైలు తెరిచాం.

పంపినదాన్ని ఇంకొకరు సరిచూస్తారు. తిప్పి పంపితే కారణం రాయాలని కూడా నియమాల్లో ఉండాలి. కారణం తెలిస్తే దిద్ది మళ్ళీ పంపవచ్చు.