మెరైన్ ప్లైవుడ్ – చెదల బెడద
నీటికి చెడని మెరైన్ ప్లైవుడ్‌కు చెద పట్టదని పలువురి నమ్మకం. అది కొంతవరకే నిజం. ఇందులోని ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు, 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలను విడిపోనివ్వదు. అయితే చెదలకు ఆహారం జిగురు కాదు, కలపలోని సెల్యులోజు. దానిని కాపాడేది పొరలకు పట్టించిన సంరక్షక రసాయనమే.

కనుక కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 710 సంఖ్య చూసి, ఆ సంఖ్య వేసిన రసీదు తీసుకోవాలి. కోతతో లోపలి కలప బయటపడుతుంది. అట్టి అంచులకు చెదల మందు పూయాలి. పలక నేలను, తడిగోడను తాకరాదు. గోడపై మట్టిదారులు కనిపిస్తే వెంటనే నేలకు మందు వేయించాలి.

వాయిదాలు తీరకముందే బీరువా డొల్లబారితే నష్టం ఋణగ్రహీతది. పోయే పేరు వర్తకునిది.