ఆయిల్ పామ్ పెట్టే ముందు: విత్తనం మొక్కనా, టిష్యూ కల్చర్ మొక్కనా?

మన కరీంనగర్, నిర్మల్ దిక్కు వరి, పత్తి తగ్గించి ఆయిల్ పామ్ పెడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎకరానికి 57 మొక్కలు. గెల చేతికి రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. అన్నేళ్లు ఆగినాక కాయలో నూనె లేకుంటే? అందుకే వీడియో చూసే ముందు ఈ పాఠం ఒకసారి చదవండి.

ఒకే డీఎన్‌ఏ, వేరే వేరే పని

చెట్టు వేరులో, ఆకులో, పువ్వులో ఉండే డీఎన్‌ఏ ఒక్కటే. మరి వేరు వేరుగానే, పువ్వు పువ్వుగానే ఎట్లా పెరుగుతది? ఇంట్లో పది గదులున్నా కావాల్సిన గది తలుపు తీసి, మిగతా వాటికి గొళ్లెం పెడతాం కదా. డీఎన్‌ఏ మీద అట్లాంటి గొళ్లెం ఒకటి మిథైల్ గుర్తు. దీన్నే డీఎన్‌ఏ మిథైలేషన్ అంటారు.

మలేషియాలో ఏమైంది?

అక్కడ మంచి దిగుబడి చెట్ల కణజాలం నుంచి టిష్యూ కల్చర్‌లో మొక్కలు తీశారు. ఆకు, మాను అంతా తల్లి చెట్టు లాగే ఉంది. పూత వచ్చినాక చూస్తే, కొన్ని చెట్ల పూలలో మగ భాగాలు ఆడ భాగాల్లాగా మారాయి. కాయ చుట్టూ అదనపు తమ్మెలు వచ్చాయి, నూనె పడిపోయింది. దీన్ని 'మాంటిల్డ్' అంటారు.

కారణం 2015లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పువ్వు జన్యువు లోపల 'కర్మ' అనే దుమికే జన్యువు ఉంది. ల్యాబ్‌లో దాని మీది మిథైల్ గొళ్లెం ఊడిపోతే మాంటిల్డ్ కాయ, గట్టిగా ఉంటే మంచి కాయ. డీఎన్‌ఏ అక్షరం ఒక్కటి కూడా మారలేదు!

ఆయిల్ పామ్‌కు క్రోమోజోములు రెండు వరసలే. మూడు వరసలున్న టిష్యూ కల్చర్ అరటిలో కూడా ముక్కలు తిరిగి తిరిగి చేసిన కొద్దీ తేడా మొక్కలు పెరుగుతాయి.

మనం ఏం చేయాలి?

- మనకు ఎక్కువగా వచ్చేవి టెనెరా హైబ్రిడ్ విత్తనం మొక్కలే. వాటికి ఈ భయం లేదు. అయినా నర్సరీలో అడిగి, రసీదు దాచుకోండి.
- మగ గెలలు ఎక్కువొస్తే మాంటిల్డ్ అనుకోవద్దు. నీటి ఎద్దడికి కూడా అట్లా వస్తాయి. కాయను కోసి చూడండి.
- జీవామృతం నేలకు బలం, కానీ ఈ లోపానికి మందు కాదు. కొన్ని చెట్లు ఏళ్ల తర్వాత మామూలుకొస్తాయి గానీ దాన్ని నమ్ముకోలేం.

మొక్క పుట్టుక తెలుసుకున్నాకే గుంత తీయండి.