జబ్బు కథ అచ్చుకి ఇచ్చే ముందు

బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులతో ఏళ్ల తరబడి నెగ్గుకొస్తూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లు రాసుకున్నవి పుస్తకాలుగా రావాలి. ఈమధ్యే జబ్బు బయటపడిన కుర్రాడికి, అదే జబ్బుతో రోజూ డ్యూటీకి వెళ్లేవాళ్ల మాట కొండంత ధైర్యం. అయితే రాయడానికి ఎవరినీ అడగక్కర్లేదు గానీ, అచ్చుకి మాత్రం తొందరపడకండి. అచ్చయిన మాటను వెనక్కి తీసుకోలేం.

ఉద్యోగం: స్కిజోఫ్రీనియాతో తన జీవితాన్ని ఎలిన్ సాక్స్ 2007లో ‘ది సెంటర్ కెనాట్ హోల్డ్’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. అప్పటికే ఆవిడ అమెరికాలో లా ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ కూడా సైకాలజిస్టుగా పేరొచ్చాకే, 1995లో తన బైపోలార్ గురించి పుస్తకం వేశారు. కాబట్టి మీరు ప్రొబేషన్‌లో ఉన్నా, ప్రమోషన్ ఫైలు నడుస్తున్నా కొన్నాళ్లు ఆగండి. ప్రభుత్వోద్యోగులు ప్రవర్తనా నియమావళి చూసుకుని, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ గుర్తించింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ప్రైవేటులో ఇంత గట్టి రక్షణ లేదు. అందుకే కలం పేరు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కలం పేరు పెట్టుకున్నాక వెనక అట్ట మీద ఫొటో, ముందుమాటలో ఆఫీసు పేరు లేకుండా చూసుకోండి.

ఇంట్లోవాళ్లు: మీ కథలో అమ్మ ఉంటుంది, భర్తో భార్యో ఉంటారు. వాళ్లున్న పేజీలు ముందు వాళ్లకే చదివి వినిపించండి. వద్దన్నది తీసేయండి. అన్నయ్య జబ్బు గురించి చెల్లెలు రాస్తుంటే మరింత జాగ్రత్త కావాలి. ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ వివరాలు గానీ ఆ వ్యక్తి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పుస్తకానికీ అదే మర్యాద పాటించండి.

రాత: “నరకం చూశాను” అంటే పాఠకుడికి ఏమీ కనిపించదు. తెల్లవారుజామున మూడింటికి అల్మారాలో బట్టలన్నీ కింద పోసి మళ్లీ మళ్లీ మడతపెట్టడం, లిథియం మందు వాడకంతో చెయ్యి వణికి సాసర్‌లో టీ ఒలికితే పక్క సీటతను చూడనట్టు ఊరుకోవడం రాయండి. మందుల గురించి రాసింది మీ సైకియాట్రిస్టుకు చూపించండి. డోసులు సలహాగా చెప్పొద్దు. ఆత్మహత్యాయత్నం ప్రస్తావన వస్తే ఎలా చేశారో అస్సలు రాయొద్దు.

ఒప్పందం: ప్రచురణకర్తతో నోటిమాట చాలదు. కాలపరిమితి రాయకపోతే హక్కుల బదలాయింపు 5 ఏళ్లకని కాపీరైట్ చట్టం అనుకుంటుంది. కాబట్టి ఎన్నేళ్లకో, ఏ భాషలకో, ఆడియో, సినిమా హక్కులు ఎవరివో కాగితం మీద పెట్టించండి. సొంత ఖర్చుతో వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. మొదట కొద్ది కాపీలే వేయించండి.

విడుదలయ్యాక: అసలు కష్టం ఇక్కడే. ఆవిష్కరణ సభ హడావుడిలో నిద్ర చెడుతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. సభ పగటిపూట పెట్టుకోండి, తేదీ డాక్టరుకు ముందే చెప్పండి. పుస్తకంలో మీ సొంత ఫోన్ నంబరు వేయొద్దు, విడిగా ఈమెయిల్ ఇవ్వండి. “మా అబ్బాయికీ ఇదే, ఏం చెయ్యమంటారు?” అంటూ ఉత్తరాలొస్తాయి. అన్నిటికీ మీరే జవాబివ్వనక్కర్లేదు, నమ్మకస్తుడైన మిత్రుడికి కొంత అప్పగించండి. చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయించండి. మీకు జవాబు రాసే ఓపిక లేని రాత్రి కూడా ఆ పాఠకుడికి మాట్లాడే మనిషి దొరకాలి.