పునాది శాస్త్రాలు

పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుండి జూనియర్ కళాశాలలో పేరు నమోదయ్యే నాటివరకు తెలుగునాట అనేక కుటుంబాలలో వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఏ గ్రూపు తీసుకోవాలి?" ఇంజనీరు కాగోరేవారికి జవాబు సిద్ధంగానే ఉంటుంది: ఎం.పి.సి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అనే ఆ మూడు శాస్త్రాలు ఎందుకు కలిసి నడుస్తున్నాయో తెలుసుకొని ఎంచుకొనేవారు మాత్రం అరుదు. కారణం తెలియని ఎంపిక పెద్దల ఆజ్ఞను పాటించడమే అవుతుంది. ఆ కారణాన్ని పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

కృష్ణానదిపై వెలసిన నాగార్జునసాగర్ ఆనకట్టను ఉదాహరణగా తీసుకొందాం. 1955 డిసెంబరు 10న నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. సుమారు 124 మీటర్ల ఎత్తున రాతితో నిర్మించిన ఆ కట్టడం రాతి ఆనకట్టలలో ప్రపంచఖ్యాతి గడించింది. అటువంటి ఆనకట్టను నిలువునా కోసినట్లు ఊహించుకొంటే పైభాగం సన్నగా, అడుగుభాగం మిక్కిలి వెడల్పుగా కనిపిస్తుంది. ఆ ఆకృతి అందం కోసం ఏర్పడినది కాదు. నీటి స్వభావం నిర్ణయించినది.

లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనమంత అదనంగా చేరుతుంది. అయితే ఒక్కొక్క లోతున ఒక్కొక్క పీడనం ఉన్నప్పుడు గోడ మొత్తంమీద నీరు మోపే బలాన్ని లెక్కించడం ఎలా? ఇక్కడ గణితం తోడ్పడుతుంది. సమాకలనం చేత తేలే ఫలితమిది: గోడ పొడవు మారకుండా నీటి లోతు మాత్రమే రెట్టింపైతే మొత్తం బలం నాలుగు రెట్లవుతుంది, గోడను బోర్లదోసే ప్రభావం ఎనిమిది రెట్లవుతుంది. లోతు రెట్టింపైనది గనుక గోడ దారుఢ్యాన్ని రెట్టింపు చేస్తే చాలునని భావించేవాడు ఎంతటి ప్రమాదానికి కారకుడవుతాడో ఆలోచించండి. దిగువనున్న గ్రామాల ప్రజల ప్రాణాలు ఆ లెక్కపై ఆధారపడి ఉంటాయి.

ఇక రసాయనశాస్త్రం. సిమెంటు గట్టిపడేది ఎండిపోవడంవల్ల కాదు. నీటితో జరిపే రసాయనచర్యవల్ల. ఆ చర్యలో ఉష్ణం వెలువడుతుంది. భారీ కాంక్రీటు కట్టడాలలో లోపలి వేడి వెలుపలికి పోలేక నిలిచి, పైభాగం త్వరగా చల్లారితే పగుళ్ళు ఏర్పడతాయి. అందుచేతనే పెద్ద ఆనకట్టల కాంక్రీటును ఒక్కసారిగా గాక భాగాలు భాగాలుగా, పొరలు పొరలుగా పోస్తారు. ఒక్క కట్టడంలోనే మూడు శాస్త్రాలూ ఈ విధంగా పరస్పరం ఆధారమై నిలుస్తాయి.

"ఆనకట్టలు కట్టేవారికి అవి కావాలి, కంప్యూటర్ చదువుకు భౌతిక, రసాయనశాస్త్రాలెందుకు?" అని కొందరు ప్రశ్నిస్తారు. కంప్యూటర్ తెరపై కనిపించే చిత్రం యంత్రానికి అంకెల వరుసలుగానే తెలుసు. ఆ చిత్రాన్ని తిప్పడానికీ, పెంచడానికీ మాత్రికలు ఉపకరిస్తాయి. యంత్రాలకు అనుభవం నుండి నేర్చుకొనే సామర్థ్యాన్ని కల్పించే నేటి విద్యకు సంభావ్యత ఆధారం. ఆ యంత్రపు గుండెకాయయైన చిప్పు సిలికాన్‌తో తయారవుతుంది. శుద్ధమైన సిలికాన్‌లో ఫాస్ఫరస్, బోరాన్ వంటి మూలకాలను అత్యల్ప పరిమాణంలో చేర్చి దాని విద్యుత్ స్వభావాన్ని మారుస్తారు. అర్ధవాహకాల పాఠాన్ని పరీక్ష కోసమే చదివినవారికి ఈ సంబంధం కనిపించదు.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు మరొకటి ఉన్నది. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలకు 80 గణితంలో, 40 భౌతికశాస్త్రంలో, 40 రసాయనశాస్త్రంలో ఉంటాయి. దీనిని చూచి రసాయనశాస్త్రం చిన్నదని కొందరు దానిని నిర్లక్ష్యం చేస్తారు. జాతీయస్థాయిలో జరిగే జె.ఇ.ఇ. మెయిన్‌లోనో మూడింటికీ సమానంగా ప్రశ్నలుంటాయి. పరీక్ష మారితే ప్రశ్నల పాళ్ళు మారుతున్నాయి. శాస్త్రాల అవసరం మారడం లేదు. ప్రశ్నల సంఖ్యనుబట్టి విషయం విలువను నిర్ణయించరాదు.

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి 14 విషయాల జాబితాను ప్రకటించి, వాటిలో ఏ మూడింటిలో ఉత్తీర్ణులైనా ఇంజనీరింగ్ ప్రవేశానికి అర్హులు కావచ్చునన్నది. గణితం లేని ఇంజనీరింగ్ సాధ్యమా అని విద్యావేత్తలు చర్చించారు. అప్పుడు మండలి నిర్ణయాధికారం రాష్ట్రాలకు, విశ్వవిద్యాలయాలకు ఉందనీ, గణితం ప్రాముఖ్యం తగ్గలేదనీ వివరణ ఇచ్చింది. నియమం సడలినంత మాత్రాన అవసరం సడలదని ఈ చర్చ మనకు తెలియజేస్తుంది. చదువని గణితం ప్రవేశద్వారం వద్ద అడ్డుపడకపోయినా మొదటి సంవత్సరం తరగతిగదిలో తప్పక ఎదురవుతుంది.

అయితే అందరూ ఈ గ్రూపునే చేపట్టాలా? అవసరం లేదు. గణితాన్ని విడిచినవారికి ఇంజనీరింగ్ శాఖలలో అత్యధికభాగం అందదన్నది నిజం. కాని ద్వారాలు ఎక్కువగా ఉన్నవన్న కారణంచేత ఇష్టంలేని ఇంట ప్రవేశించడం వివేకం కాదు. మొక్కల, జీవుల రహస్యాలపై ఆసక్తి గలవానిని లెక్కల ముందు కూర్చుండబెడితే రెండు విద్యలూ నష్టపోతాయి. అట్లే గణితంలో చురుకైన బాలికను "ఆడపిల్లకు అంత కష్టమైన చదువెందుకు?" అని మరలించడం అన్యాయం. యంత్రాలపై, పనిముట్లపై మక్కువ గలవారు పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి మూడేళ్ళ డిప్లొమా పూర్తిచేయవచ్చు. ఆ పిమ్మట ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరే మార్గమూ ఉన్నది.

తనకేది తగునో తెలుసుకొనడానికి మార్కులు మాత్రమే చాలవు. కంఠస్థం చేసిన సూత్రం మార్కులను తేగలదు. ఒక లెక్క తేలనప్పుడు విసుగుతో పుస్తకం మూస్తున్నామా, మరొక దారి వెదుకుతున్నామా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. రెండవ స్వభావం కలవారికి తక్కువ మార్కులు వచ్చినా సాధనతో పెరుగుతాయి.

గణిత విద్యార్థికి భాషతో పనిలేదనుకోవడం కూడా పొరపాటే. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహాన్ని రచించాడు. పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలో అనుసరించాడు. తెలుగులో తొలి గణితగ్రంథంగా అది ప్రసిద్ధం. ఆ పద్యంలోని లెక్క చేయాలంటే మొదట పద్యం అర్థం కావాలి. ఇచ్చినదేదో, అడిగినదేదో వేరుచేయగలగాలి. నేటి ప్రశ్నపత్రంలోని రెండు వాక్యాల సమస్యకూ అంతే శ్రద్ధ కావాలి.

విద్యార్థులారా! మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక గ్రూపును ఎంచుకొన్నారు. మీ తరువాత ఈ ప్రశ్నను ఎదుర్కొనే తమ్ముడో, చెల్లెలో మీ ఇంట ఉండవచ్చు. వారికి ర్యాంకుల గురించి, కొలువుల గురించి చెప్పకముందు మీ పాఠ్యపుస్తకంలోని ఒక అధ్యాయాన్ని చూపండి. ఒక సమస్యను వారి ముందుంచి, గంటసేపు దానితో ఒంటరిగా వదలండి. ఆ గంట తరువాత వారు ఏమి చెబుతారో ఓపికగా వినండి.

ప్రశ్నలు

1. ఆనకట్ట అడుగుభాగం వెడల్పుగా ఉండడానికి కారణాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. "నియమం సడలినంత మాత్రాన అవసరం సడలదు" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. గణితం అభ్యసించడానికి భాషాజ్ఞానం ఏ విధంగా తోడ్పడుతుంది?
4. గ్రూపును ఎంచుకొనేటప్పుడు పెద్దల అభిప్రాయానికి, స్వీయ అభిరుచికి ఎంత స్థానముండాలో మీ మాటలలో రాయండి.