ఒంట్లో వేసిన రాడ్డుకు తుప్పు పట్టదా?



పదో తరగతిలో లోహక్షయం పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఇది. కోసిగి నుంచి ఆదోని వెళ్ళే రోడ్డులో బైకు మీద నుంచి పడి, కాలికి రాడ్డు వేయించుకున్నవాళ్ళు ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటారు కదా! "తలుపు గొళ్ళేనికే తుప్పు పడుతుంది, ఒంట్లో రాడ్డుకు పట్టదా సార్?" అంటారు.

సరైన అనుమానమే. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు. మన ఒంట్లోని ద్రవాలూ ఇంచుమించు అంతే ఉప్పన. పైగా 37 డిగ్రీల వేడి, ఆక్సిజన్. మామూలు ఇనుము అక్కడ నిలవదు.

అందుకే 316ఎల్ రకం స్టీలు వాడతారు. అందులోని 17, 18 శాతం క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొరగా మారి లోహాన్ని కప్పుతుంది. గీత పడినా పొర మళ్ళీ అల్లుకుంటుంది. చిక్కంతా స్క్రూ తల కింద ఉండే ఇరుకు సందులో. అక్కడ ఆక్సిజన్ అందదు, పొర బాగుపడదు, ఉప్పులోని క్లోరైడ్ గుంటలు చేస్తుంది. స్క్రూ వదులై ప్లేటుకు రాసుకున్నా అంతే. ఊడిన లోహం చుట్టూ ఉన్న కండలో చేరి నొప్పి, వాపు తెస్తుంది. నికెల్ పడనివాళ్ళకు మరీ ఇబ్బంది.

ఇంట్లో ఒకటి చేయించండి. లీటరు నీళ్ళలో చెంచాన్నర ఉప్పు కలిపి, రెండు గ్లాసుల్లో పోసి, ఒక దాంట్లో ఉత్త ఇనుప మేకు, రెండో దాంట్లో రాగి తీగ చుట్టిన మేకు వేయండి. రాగి తోడున్న మేకే ఎక్కువ తుప్పు పడుతుంది. సర్జన్లు స్టీలు ప్లేటుకు టైటానియం స్క్రూ బిగించకుండా జాగ్రత్తపడేది ఇలాంటి జత వద్దనే.

టైటానియం పొర ఇంకా గట్టిది. 1973లో హైదరాబాదులో మొదలైన మిధాని ఈ లోహాన్ని తయారుచేస్తుంది. కాకపోతే ఎముక దానికి బాగా అతుక్కుంటుంది, తర్వాత తీయడం కష్టం.

ఎదిగే పిల్లలకు వేసిన రాడ్డును ఎముక అతికాక చాలాసార్లు తీసేస్తారు. ఎప్పుడన్నది సర్జనే చెప్పాలి. నొప్పి తగ్గింది కదా అని ఆ తేదీ వదిలేయకండి. డిశ్చార్జి కాగితం, దానికి అంటించిన ఇంప్లాంటు స్టిక్కరు దాచండి. ఏ లోహమో, ఏ సైజో అందులోనే ఉంటుంది, ఎమ్మారై తీసేముందు అదే అడుగుతారు. కొత్తగా నొప్పి, వాపు, చీము కనిపిస్తే వెంటనే చూపించండి. సుగ్గికి గుంటూరు వెళ్ళేవాళ్ళు ఆ ఫైలును సామాన్ల మూటలో పెట్టుకుని వెళ్ళండి.