వాడిపోవు కిరీటము

చదువవలసిన భాగములు: 1 కొరింథీ 9:24–27, ఫిలిప్పీ 3:12–14



మన సంఘములలో కొందరు చదువుకొను దినములలో జిల్లా పోటీలయందు పరుగెత్తి, చెడుగుడు ఆడి బహుమానములు పొందినవారు. నేడు వారు సంసారులై సేద్యమో ఉద్యోగమో చేసికొనుచున్నారు. క్రిస్మస్ దినములలో సంఘపు పిల్లలతో ఆడుటకు రమ్మని పిలిచినప్పుడు వారి గుండె దడదడలాడును. “ఓడిపోతే నలుగురు ఏమందురు?” అని కొందరు ఒడ్డుననే నిలిచిపోవుదురు. మరికొందరు ఆడుదురు గాని, చిన్న తప్పునకే తోటివారిని కసరుదురు. సేదదీర్చవలసిన ఆట భారమగును. ఈ భయమునకు వాక్యము ఏమి చెప్పుచున్నది?

1. ఆ కిరీటము నిలువదు. కొరింథునకు సమీపమున రెండేండ్లకొకసారి ఆటల పోటీలు జరిగెడివి. గెలిచినవారికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టెడివారు. అది ఎండిపోవునదని పౌలు ఆ సంఘమునకు జ్ఞాపకము చేసెను. పాత పేరు కాపాడుకొనుటకే ఆడువాడు ఎండిన ఆకులకు కావలి కాయుచున్నాడు.

2. వెనుకనున్నది విడువవలెను. విడుచుట యనగా దేవుడిచ్చిన గెలుపును తృణీకరించుట కాదు; నేటి దేహమును నాటి కొలతతో కొలువకుండుట. నలువది ఏండ్ల కాలు ఇరువది ఏండ్ల కాలు కాదు గదా!

3. ఆట ఇతరుల మేలుకొరకు కావలెను. ఎరిక్ లిడ్డెల్ గారు 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలలో ఆదివారపు పరుగును మానుకొని, 400 మీటర్ల పరుగును 47.6 సెకండ్లలో గెలిచిరి. 1925లో లండన్ మిషను పక్షముగా చైనాకు వెళ్లిరి. మన కడప, జమ్మలమడుగు ప్రాంతములలో సేవ చేసినదియు ఆ మిషనే. 1943లో జపానువారు ఆయనను వైహ్సియెన్ శిబిరములో నిర్బంధించిరి. అక్కడ ఆయన పిల్లలకు ఆటలు ఏర్పాటు చేసిరి. మొదట ఆదివారము ఆటలు వద్దనిరి. అయితే పెద్దవారు లేక ఆడిన పిల్లలు కొట్టుకొనగా, తరువాతి ఆదివారము తామే మధ్యవర్తిగా నిలిచిరి. ప్రభువు దినమును తేలికగా ఎంచి కాదు, పిల్లల సమాధానము కోరియే. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించిరి.

కాబట్టి, ఒకప్పటి ఆటగాండ్రారా, మైదానములోనికి దిగుడి. ముందుగా మెల్లగా నడిచి దేహమును సిద్ధపరచుకొనుడి. బలహీనుడైన పిల్లవానిని మీ జట్టులో చేర్చుకొనుడి. ఓడినప్పుడు గెలిచినవాని చేయి పట్టుకొని సంతోషించుడి. మన విలువ క్రీస్తు సిలువయొద్దనే తేలిపోయినది. చెడుగుడు గీతయొద్ద తేలవలసినది ఏదియు లేదు.

ఆలోచించుడి: ఓడినప్పుడు మనము దేనిని పోగొట్టుకొనుచున్నామని భయపడుచున్నాము?

ప్రార్థన: ప్రభువా, పేరు మోయు భారమునుండి మమ్మును విడిపించి, చిన్నవారితో సంతోషించు హృదయము దయచేయుము. ఆమేన్.